ఒంటి కంటితో భూప్రదక్షిణం: వైలీ పోస్ట్

విమాన చోదకునికి చూపే ప్రాణాధారం. నేల ఎంత దూరంలో ఉన్నదో క్షణంలో గ్రహించలేనివాడు విమానాన్ని క్షేమంగా దింపలేడు. చోదకులకు వైద్యపరీక్ష విధించటంలోని ఆంతర్యం ఇదే. ఆ పరీక్షలో అనర్హతగా పరిగణింపబడే లోపం ఉండికూడా లైసెన్సు సాధించిన వైలీ పోస్ట్ జీవితాన్ని మా సోదర విద్యార్థుల ముందు ఉంచుతున్నాము.

ఆయన 1898లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఒక రైతు కుటుంబంలో జన్మించారు. 1926 అక్టోబరులో ఓక్లహోమా చమురు క్షేత్రంలో పనిచేస్తుండగా ఇనుప ముక్క ఎగిరివచ్చి ఎడమ కంటిని గాయపరచింది. ఆ కంటిని తొలగించక తప్పలేదు. అందుకు లభించిన నష్టపరిహారంతోనే ఆయన ఒక పాత విమానం కొన్నారు!

అదే సంవత్సరం అమెరికాలో వచ్చిన విమానయాన చట్టం చోదకులకు లైసెన్సును, వైద్యపరీక్షను నిర్బంధం చేసింది. పోస్ట్ నిరాశపడలేదు. చెట్లకు, గుట్టలకు గల దూరాన్ని ఒంటి కంటితో అంచనా కట్టి, పిదప అడుగులతో కొలిచి సరిచూసుకొనేవారు. అధికారులు జాలితో నిబంధన సడలించలేదు; 700 గంటలు విమానం నడిపి సామర్థ్యం నిరూపించుకొమ్మన్నారు. ఆయన నిరూపించుకొని 1928లో లైసెన్సు పొందారు.

1931లో హెరాల్డ్ గాటీ మార్గదర్శకునిగా 'విన్నీ మే' విమానంలో 8 రోజుల 15 గంటల 51 నిమిషాలలో భూమిని చుట్టివచ్చారు. 1933లో ఒంటరిగా బయలుదేరి 7 రోజుల 18 గంటల 49 నిమిషాలలో అదే కార్యాన్ని సాధించారు. ఏకాకిగా విమానంలో భూప్రదక్షిణం చేసిన తొలి మానవుడు ఆయనే. 1934లో, గాలి పలుచనైన ఉన్నతాకాశంలో ధరించదగిన పీడన కవచాన్ని రూపొందింపజేశారు. 1935 ఆగస్టు 15న అలాస్కాలో, నీటిపైనుండి లేచిన కొద్ది క్షణాలకే ఇంజను ఆగి విమానం కూలగా, హాస్యరచయిత విల్ రోజర్స్‌తో పాటు అసువులు బాశారు.

నేడు కూడా అమెరికాలో ఒక కన్ను కోల్పోయినవారు, కొంతకాలం అలవాటుపడిన పిమ్మట, విమానం నడిపి చూపి యోగ్యతాపత్రం పొందవచ్చును.

ఈ జీవితం నుండి మేము గ్రహించినది రెండు వైపులా వర్తిస్తుంది. అవకాశం కోరేవారు లోపాన్ని దాచక, దయను అర్థించక, సాధనతో అర్హత సంపాదించాలి. తీర్పు చెప్పేవారు లోపాన్ని మాత్రమే లెక్కింపక, సామర్థ్యాన్ని కూడా కొలవాలి. నాడు ఆ 700 గంటల గడువు లభించకుంటే, పోస్ట్ పట్టుదల చమురు క్షేత్రంలోనే అణగిపోయి ఉండేది.