శిల్పాచార్య అగస్టా సావేజ్

కాలమునకు నిలచిన శిల్పమే శిల్పికి కీర్తినిచ్చునని లోకము తలంచును. తన మహాశిల్పము నేలమట్టమైనను కీర్తి చెడని శిల్పి అగస్టా సావేజ్.

ఆమె 1892 ఫిబ్రవరి 29వ తేదీన, అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున, గ్రీన్ కోవ్ స్ప్రింగ్స్ అను చిన్న పట్టణమున ఒక నల్లజాతి కుటుంబమున జన్మించెను. ఆ ఊర ఇటుకలకు పనికివచ్చు బంకమన్ను సమృద్ధిగా దొరకెడిది. బాలిక ఆ మట్టితో బాతు మొదలగు బొమ్మలను చేసెడిది. మతబోధకుడైన తండ్రి వానిని విగ్రహములుగా నెంచి ఆమెను కొట్టెడివాడు. అయినను ఆమె మట్టిని విడువలేదు. కుటుంబము వెస్ట్ పామ్ బీచ్‌నకు తరలిన పిదప, అచటి ప్రధానోపాధ్యాయుడు ఆమె నేర్పును గుర్తించి, రోజుకొక డాలరు వేతనముపై బడిలోనే ఆ విద్యను నేర్పు పని నొసంగెను.

1921లో ఆమె న్యూయార్క్ చేరి, రుసుము లేని కూపర్ యూనియన్ కళాశాలలో ప్రవేశించెను. 1923లో ఫ్రాన్సునందలి ఫాంటెన్‌బ్లో వేసవి కళాశాలకు దరఖాస్తు చేయగా, అమెరికా ఎంపిక సంఘము వారు ఆమె జాతిని కారణముగా చేసికొని నిరాకరించిరి. ఆమె ఆ అన్యాయమును పత్రికల కెక్కించెను. సంఘము తన తీర్పును మార్చుకొనలేదు. పిమ్మట ఆరేండ్లకు, 1929లో, ‘గామిన్’ అను బాలుని ప్రతిమ వలన రోజెన్‌వాల్డ్ విద్యార్థి వేతనము లభించి, ఆమె పారిస్ చేరెను.

స్వదేశమునకు మరలి, 1932లో న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో శిల్పశాల తెరచెను. 1937లో హార్లెమ్ సామాజిక కళాకేంద్రమునకు సంచాలకురాలై, వేయిమందికి పైగా కళ నేర్చుకొను అవకాశము కల్పించెను. జాకబ్ లారెన్స్, గ్వెండొలిన్ నైట్ వంటి చిత్రకారులు ఆమె శిష్యులు.

1939 నాటి న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనకై ఆమె 16 అడుగుల ‘హార్ప్’ శిల్పమును నిర్మించెను. నల్లజాతి వారు జాతిగీతముగా భావించు పాట దానికి ప్రేరణ. పాడుచున్న నల్లజాతి గాయకులే ఆ వీణకు తంత్రులు. కంచున పోత పోయుటకు ధనము లేనందున అది ప్లాస్టర్‌లోనే మిగిలెను. 1940లో ప్రదర్శన ముగియగానే దానిని యంత్రములతో కూల్చివేసిరి.

ఆమె 1962 మార్చిలో మరణించెను. 2018లో ఫ్లోరిడాలోని కమ్మర్ మ్యూజియమున ఆమె పేర ఒక ప్రదర్శన జరిగెను. 2019లో అది న్యూయార్క్ చేరెను. అందు ఆమె శిల్పముల సరసనే శిష్యుల చిత్రములును కొలువుతీరెను. కూలిన వీణ మరల లేవలేదు. ఆమె నేర్పిన విద్య మాత్రము ఆ చేతులలో నిలచినది.