గోవా వైద్యుడు దాచుకున్న వంశం

బెళగావి, కార్వార్, బళ్లారి వైపు మనవాళ్లకి గోవా ప్రయాణం కొత్తేమీ కాదు. పణజీలో పెద్ద చర్చికి దగ్గర్లో మునిసిపల్ తోట ఒకటుంది. తిరిగి తిరిగి కాళ్లు నొప్పెట్టినవాళ్లు అక్కడే కాసేపు కూలబడతారు. ఆ తోటకి గార్సియా ద ఓర్టా తోట అని పేరు. పోర్చుగీసు భాషలో హోర్టా అంటే పెరటి తోట. అందువల్ల అది తోట పేరే అనుకుని వదిలేసేవాళ్లే ఎక్కువ.

అది మనిషి పేరు. 1534లో ఓడెక్కి గోవాకి వచ్చిన బుడతకీచు వైద్యుడాయన. మన ఇంగువ, చింతపండు, ఏలకులు, మామిడి, ఉమ్మెత్తల గురించి దగ్గరుండి చూసి ఐరోపావాళ్లకి వివరంగా రాసి పంపాడు. గోవాలోనే 1568లో పోయాడు. పన్నెండేళ్ల తర్వాత ఆయన సమాధి తవ్వి, ఎముకలు బయటికి తీసి, నడి బజారులో తగలబెట్టారు. ఆయన చేసిన తప్పల్లా ఏమిటంటే, ఆయన అమ్మానాన్నలు యూదులుగా పుట్టడం!

సరిహద్దు దాటిన కుటుంబం

మనలాగే వాళ్లదీ సరిహద్దు కథే. గార్సియా తండ్రి ఫెర్నావ్ ద ఓర్టాది స్పెయిన్‌లోని వలెన్సియా ద అల్కాంతరా. తల్లి లియోనార్ గోమెస్‌ది అల్బుకెర్కె. రెండూ పోర్చుగల్ పొలిమేరకి దగ్గరగా ఉన్న ఊళ్లే. 1492లో స్పెయిన్ రాజదంపతులు ఫెర్డినాండ్, ఇసబెల్లా ఒక ఆజ్ఞ వేశారు. యూదులు క్రైస్తవంలోకైనా మారాలి, లేదా దేశమైనా విడవాలి. వేల కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని పోర్చుగల్‌లో అడుగుపెట్టాయి. పొలిమేర దాటితే బతికిపోతామనుకున్నారు.

అయిదేళ్లు తిరక్కుండానే అదీ తప్పని తేలింది. 1497లో పోర్చుగల్ రాజు మాన్యుయెల్ అక్కడి యూదులందరికీ బలవంతంగా బాప్తిస్మం ఇప్పించాడు. వెళ్లిపోతామన్నా పోనివ్వలేదు. అలా మారినవాళ్లకి నవ క్రైస్తవులని పేరు పడింది. పేరులోనే వేరు చేసేశారన్నమాట. తాతలనాటి క్రైస్తవులు ఒకవైపు, నిన్న మొన్న మారినవాళ్లు ఇంకోవైపు. ముత్తాత మతం మారినా మునిమనవడికి ఆ ముద్ర పోదు. 1506లో లిస్బన్‌లో జరిగిన ఊచకోతలో ఇలాంటివాళ్లు దాదాపు 2,000 మంది చనిపోయారని అంచనా.

ఈ రోజుల్లోనే, 1501 ప్రాంతంలో, పొలిమేరకి ఈవలి కాస్తెలో ద వీద్ అనే కొండ ఊళ్లో గార్సియా పుట్టాడు. తండ్రి చిన్న వర్తకుడు. అయినా కొడుకుని స్పెయిన్‌లోని సలమాంకా, అల్కలా విశ్వవిద్యాలయాలకి పంపి వైద్యం చదివించాడు. తమని వెళ్లగొట్టిన దేశానికే కొడుకుని చదువుకి పంపాడు చూడండి! చదువు ముగించుకుని గార్సియా కొన్నాళ్లు సొంతూళ్లో వైద్యం చేశాడు. ఆ తర్వాత లిస్బన్ చేరి విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. లెక్కల్లో ఐరోపా అంతటా పేరున్న పెద్రో నూనెస్ ఆయన స్నేహితుడు. ఆయనా నవ క్రైస్తవ కుటుంబంవాడే.

అంత కుదురైన ఉద్యోగం వదిలేసి 33 ఏళ్ల వయసులో సముద్రం మీద ఆరు నెలల ప్రయాణానికి ఎందుకు సిద్ధపడ్డాడు? తన పుస్తకంలో మాత్రం కొత్త మందు మొక్కలు చూడాలన్న కోరిక గురించే రాశాడు. అది అబద్ధం కాకపోవచ్చు. కానీ తారీఖులు ఇంకో సంగతి చెబుతాయి. 1532లో నవ క్రైస్తవులు దేశం విడిచి వెళ్లకూడదని పోర్చుగల్ రాజు కట్టడి చేశాడు. 1534 మార్చిలో గార్సియా ఓడెక్కాడు. నౌకాదళ అధిపతి మార్తిం అఫోన్సో ద సౌసాకి సొంత వైద్యుడిగా వెళ్లాడు కాబట్టి ఆపేవాళ్లు లేకపోయారు. 1536లో పోర్చుగల్‌లో ఇంక్విజిషన్ మొదలైంది. ఇది మతం తప్పినవాళ్లని పట్టి విచారించే చర్చి న్యాయస్థానం. రెండేళ్లు ముందుగా బయటపడ్డాడు.

ఇంగువ తిన్న గుర్రం

గోవాలో దిగాక సౌసాతో కలిసి గుజరాత్ తీరం దాకా తిరిగాడు. 1538 ప్రాంతంలో గోవాలో స్థిరపడ్డాడు. గవర్నర్లకి, వైస్రాయిలకి వైద్యం చేశాడు. అహ్మద్‌నగర్ సుల్తాను బుర్హాన్ నిజాం షా కూడా ఈయన్నే పిలిపించుకునేవాడు. ఆ దర్బారులో హకీములతో కూర్చుని, వాళ్ల మందులేమిటో, మన వైద్యులు ఏం వాడతారో అడిగి తెలుసుకునేవాడు. బొంబాయి దీవిని పోర్చుగల్ రాజు దగ్గర కౌలుకి తీసుకున్నాడు కూడా. ఇవాళ కోట్లమంది తిరిగే బొంబాయి అప్పట్లో ఈ వైద్యుడి కౌలు భూమి. ఇంగ్లీషువాళ్లకి అది పెళ్లికట్నంగా వెళ్లింది 1661లో, చాలా తర్వాత.

1563 ఏప్రిల్ 10న గోవాలో ఆయన పుస్తకం అచ్చయింది. అప్పటికి గోవాకి అచ్చుయంత్రం వచ్చి ఏడేళ్లే. పేరు పొడుగ్గా ఉంటుంది. క్లుప్తంగా చెప్పాలంటే ఇండియా మూలికలు, మందుల మీద సంభాషణలు. చదువుకున్నవాళ్ల భాష లాటిన్‌ని వదిలి వాడుకలోని పోర్చుగీసులో రాశాడు. రువానో అనే స్పెయిన్ వైద్యుడు కొత్తగా గోవాకి వచ్చినట్టు కల్పించాడు. ఆయన ప్రశ్నలు వేస్తుంటే ఈయన జవాబులు చెబుతుంటాడు. మధ్యలో ఆంటోనియా అనే పనిపిల్ల కాయో కొమ్మో తెచ్చి చేతికిస్తుంటుంది. రువానో గ్రీకు, రోమను గ్రంథాలు వల్లిస్తాడు. అవేం చెప్పాయన్నది సరే, ఇక్కడ నేను కళ్లతో చూసింది వేరు అంటాడు గార్సియా. ఆ రోజుల్లో గాలెన్‌ని కాదనడం చిన్న విషయం కాదు.

పుస్తకంలో మన ప్రాంతం కథలూ ఉన్నాయి. విజయనగరంలో ఒక బుడతకీచు వర్తకుడి దగ్గర మేలుజాతి గుర్రం ఉండేది. దానికి కడుపుబ్బరం. ఆ జబ్బు చూసి రాయలవారు కొననన్నారు. వర్తకుడు పిండిలో ఇంగువ కలిపి పెట్టాడు. గుర్రం కుదుటపడింది, మంచి ధరకి అమ్ముడుపోయింది. దేనితో నయం చేశావని రాజు అడిగాడు. ఇంగువతో అన్నాడు. అది దేవతల ఆహారం, నయం కాకేం చేస్తుందన్నాడు రాజు. దెయ్యాల ఆహారం అంటే సరిపోతుందని వర్తకుడు లోలోపల గొణుక్కున్నాడట. ఇంగువ పోపు వాసన పడనివాళ్లు ఇప్పటికీ అదే అంటారు!

విజయనగర రాజ్యంలోని వజ్రాల గనుల గురించీ రాశాడు. మన కర్నూలు, అనంతపురం సీమలు అప్పుడా రాజ్యంలోనివే. మేకనెత్తురులో నానబెడితే వజ్రం మెత్తబడుతుందని, వజ్రం మింగితే విషమని ఐరోపాలో తరతరాలుగా నమ్మేవాళ్లు. రెండూ ఉత్తమాటలని తేల్చేశాడు. దొంగలు అన్నంలో ఉమ్మెత్త కలిపి మత్తెక్కించి దోచుకునే పద్ధతి చెప్పాడు. మన పల్లెలు గత్తర అనీ మరిడి అనీ భయపడిన వాంతిభేది లక్షణాల్ని ఐరోపా వైద్యుల్లో మొదట వివరంగా రాసింది ఈయనే అంటారు. పోర్చుగల్ మహాకవి కమోయెన్స్ పద్యం మొట్టమొదట అచ్చులో కనబడింది కూడా ఈ పుస్తకంలోనే. అచ్చుతప్పులకి మాత్రం లెక్కలేదు. తప్పొప్పుల పట్టికే పేజీలకి పేజీలు పట్టింది.

ఇంత రాసినా తన పుట్టుక గురించి, అమ్మానాన్నల మతం గురించి ఒక్క ముక్క లేదు. పుస్తకం నిండా క్రైస్తవ వైద్యుడే కనిపిస్తాడు.

ఇంట్లో ఏం జరుగుతోంది

పుస్తకం బయట పరిస్థితి వేరు. 1543లో జెరోనిమో దియాస్ అనే నవ క్రైస్తవ వైద్యుణ్ని గోవాలోనే యూదు మతం పాటిస్తున్నాడని పట్టుకుని చంపి తగలబెట్టారు. అదే ఊళ్లో, అదే వృత్తిలో ఉన్న గార్సియాకి ఆ రోజు ఎలా గడిచి ఉంటుందో ఊహించుకోవచ్చు. 1547లో లిస్బన్‌లో ఆయన తోబుట్టువుల్ని ఇంక్విజిషన్ జైల్లో పెట్టింది. బయటపడ్డాక తల్లి, ఇద్దరు తోబుట్టువులు 1549లో గోవా చేరారు. ఆయన పెళ్లి చేసుకున్న బ్రియాందా ద సోలిస్ కూడా బంధువుల పిల్లే. ఇద్దరు కూతుళ్లు. పెళ్లిళ్లు బంధువర్గంలోనే చేసుకోవడం నవ క్రైస్తవ కుటుంబాల్లో మామూలే. మేనరికాలు తెలిసిన మనకి అది వింతగా అనిపించదు. వాళ్లకి మాత్రం అందులో ఇంకో కారణం కూడా ఉంది. బయటి మనిషి ఇంట్లోకి వస్తే ఇంటి గుట్టు బయటికి పోతుంది.

ఏమిటా గుట్టు అంటారా? శనివారం ఉతికిన బట్టలు కట్టుకోవడం, ఆ రోజు పొయ్యి వెలిగించకపోవడం, పందిమాంసం ముట్టకపోవడం, ఏడాదికోసారి కటిక ఉపవాసం. ఇంక్విజిషన్ నేరాలుగా రాసుకున్నవి ఇలాంటివే. ఎదురింటివాళ్లు, పనివాళ్లు చూసి చెప్పినా కేసే. 1560లో గోవాలోనూ ఆ న్యాయస్థానం తెరిచారు. దాని కింద నలిగింది నవ క్రైస్తవులొక్కరే కాదు. కొత్తగా మతం మారి పాత ఆచారాలు మానలేని హిందువులు అంతకన్నా ఎక్కువమంది.

గార్సియా జోలికి మాత్రం ఎవరూ రాలేదు. వైస్రాయిల నాడి పట్టిన చెయ్యి కదా. 1568లో ఆయన పోయిన ఏడాదే తోబుట్టువు కాతరినాని అరెస్టు చేశారు. ఆమె భర్త చేతే నోరు విప్పించారు. చనిపోయిన బావమరిది మోషే ధర్మమే నిజమైన ధర్మమని ఇంట్లో అనేవాడని అతను ఒప్పుకున్నాడు. కాతరినాని 1569 అక్టోబర్ 25న గోవాలో సజీవ దహనం చేశారు. 1580 డిసెంబర్ 4న గార్సియా వంతు వచ్చింది. మనిషి లేడు కాబట్టి ఎముకల్ని, ఒక దిష్టిబొమ్మని కలిపి కాల్చారు.

మరి ఆయన మనసులో నిజంగా యూదుడేనా? దీని మీద పండితుల్లో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. చెరలో భయపడి చెప్పిన మాటని ఎంతవరకు నమ్మాలన్నది ఒక చిక్కు. నా మటుకు నాకు వంశం విషయంలో సందేహం లేదు. నమ్మకం విషయంలోనే తొందరపడకూడదనిపిస్తుంది.

వెతికితే దొరికింది

పుస్తకం బతికింది. క్లూసియస్ అనే వృక్షశాస్త్రవేత్త 1564లో లిస్బన్‌లో దాన్ని చూసి, 1567లో లాటిన్‌లో సంక్షిప్తంగా అచ్చేశాడు. ఐరోపా వైద్యులంతా చదివారు. ఎముకలు కాల్చినా ఆ పేరు మాత్రం గ్రంథాల్లో తిరుగుతూనే ఉంది. కుటుంబం సంగతే ఎవరికీ తెలీదు. 1886లో ఫికల్యో ప్రభువు గార్సియా జీవితం మీద మంచి పుస్తకం రాశాడు. అందులో యూదు వంశం గానీ, 1580 నాటి దహనం గానీ లేవు.

1934లో సిల్వా కార్వాల్యో అనే పోర్చుగీసు పండితుడు ఇంక్విజిషన్ పాత దస్తాలు తిరగేస్తుంటే ఓర్టా కుటుంబం బయటపడింది. 1960లో రెవా అనే ఫ్రెంచి పరిశోధకుడు ఇంకా లోతుకి వెళ్లి తల్లిదండ్రుల ఊళ్లు, తోబుట్టువులు, బంధువుల్ని వరస కట్టాడు. విచారణకి వచ్చిన ప్రతివాళ్లనీ తాతలు, అమ్మమ్మలు, మేనమామలు ఎవరు, ఏ ఊరు, బతికున్నారా లేదా అని అడిగి రాసుకోవడం ఆ న్యాయస్థానం పద్ధతి. ఇంకొకర్ని పట్టుకోవడానికే ఆ ప్రశ్నలు. ఆ వంశాన్ని లేకుండా చెయ్యాలనుకున్నవాళ్ల రాతల్లోనే ఆ వంశవృక్షం భద్రంగా మిగిలింది. గార్సియా దాచిన సంగతులన్నీ అక్కడున్నాయి.

గోవా న్యాయస్థానం 1812లో మూతబడ్డాక దాని దస్తాలు చాలావరకు నాశనమయ్యాయి. 1623లో తయారుచేసిన సుమారు 3,800 కేసుల జాబితా మాత్రం లిస్బన్‌లో ఉంది.

ఇంటిపేరుని బట్టి తేల్చేద్దామంటే కుదరదు. పెరెయిరా అంటే బేరిచెట్టు, ఒలివెయిరా అంటే ఆలివ్ చెట్టు, చెట్ల పేర్లున్నవాళ్లంతా ఒకప్పటి యూదులేనని ఒక మాట ప్రచారంలో ఉంది. అది నిలబడదు. బలవంతపు బాప్తిస్మంలో యూదులు తీసుకున్నవి మామూలు పోర్చుగీసు పేర్లే. గోవా, కార్వార్, మంగళూరుల్లో మనకి కనిపించే పెరెయిరాలు, డిసౌజాలు ఎక్కువమంది ఇక్కడి కుటుంబాలవాళ్లే. బాప్తిస్మం ఇచ్చిన పాదిరీదో, జ్ఞానపితదో పేరు వాళ్లకి వచ్చింది. పేరు మారదు గానీ రెండు చరిత్రలూ వేరు.

2013లో పోర్చుగల్ ఒక చట్టం చేసింది. అప్పట్లో వెళ్లగొట్టిన యూదుల సంతతి అని రుజువు చూపిస్తే పౌరసత్వం ఇస్తామంది. 2015 నుంచి అమల్లోకి తెచ్చి, 2022లో నిబంధనలు బిగించింది. పాస్‌పోర్టు కోసమో, పూర్వీకుల మీద మమకారంతోనో వేలమంది వెతుకులాట మొదలుపెట్టారు. వాళ్లలో చాలామంది చేరే చోటు లిస్బన్‌లోని టోరె దు టొంబు అనే ప్రభుత్వ దస్తావేజుల భవనం. లిస్బన్ ఇంక్విజిషన్ కేసుల కట్టలు అక్కడే ఉన్నాయి. చాలావాటిని ఇప్పుడు కంప్యూటర్‌లో ఇంటి నుంచే చూసుకోవచ్చు. చదవాలంటే మాత్రం 16వ శతాబ్దపు గొలుసుకట్టు రాతకి కళ్లు అలవాటు పడాలి.