ఇంకో కాటన్

కాటన్ దొర అనగానే మనందరికీ గుర్తొచ్చేది ధవళేశ్వరం ఆనకట్ట. గోదావరి నీళ్లను పొలాలకు మళ్లించిన ఇంజనీరు కాబట్టి అక్కడ ఊరూరా విగ్రహాలు పెట్టుకున్నారు. కానీ అదే గోదావరి పారే మన తెలంగాణ చరిత్రలో ఇంకో కాటన్ కూడా ఉన్నాడు. ఆయనకు ఇక్కడ విగ్రహం లేదు, ఎవరూ పెట్టరు కూడా. ఎందుకంటే ఆయన తెచ్చింది నీళ్లు కాదు, తుపాకులు. పేరు సిడ్నీ కాటన్.

1894లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో పుట్టాడు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ నౌకాదళం తరఫున విమానాలు నడిపాడు. అప్పటి విమానాలకు పైకప్పు ఉండేది కాదు. పైకి వెళ్తే చలికి చేతులు కొయ్యబారిపోయేవి. ఒకసారి కాటన్ తొందరలో, రిపేరు పని చేస్తూ వేసుకున్న ఓవరాల్‌తోనే విమానం ఎక్కేశాడు. దిగాక చూస్తే తోటి పైలట్లంతా గజగజ వణుకుతున్నారు, తనకు మాత్రం పెద్దగా చలి వెయ్యలేదు. ఇంకొకరైతే అదృష్టం అనుకుని ఊరుకునేవారు. ఈయన కారణం వెతికాడు. ఓవరాల్‌కు పట్టిన నూనె, గ్రీజు గాలిని లోపలికి రానివ్వడం లేదు, ఒంటి వేడిని బయటికి పోనివ్వడం లేదు. ఆ ఆలోచనతో 1917లో మూడు పొరల సూటు తయారు చేశాడు. దాని పేరే సిడ్‌కాట్. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు పైలట్లు దాన్నే వేసుకున్నారు.

యుద్ధం అయిపోయాక రకరకాల వ్యాపారాలు చేశాడు. 1939 వచ్చేసరికి బ్రిటిష్ గూఢచారి సంస్థ ఆయన్ని పిలిచింది. బయటికి వ్యాపారవేత్త, లోపల గూఢచారి. లాక్‌హీడ్ విమానంలో రహస్యంగా కెమెరాలు బిగించి జర్మనీ మీద తిరిగి ఫొటోలు తీశాడు. చాలా ఎత్తులో లెన్సుల మీద తేమ పేరుకుని ఫొటోలు పాడవుతాయి కదా, దానికి క్యాబిన్‌లోని వెచ్చని గాలిని లెన్సుల మీదుగా పోనిచ్చాడు. ఇంత చిన్న ఉపాయంతోనే ఆ సమస్య తీరిపోయింది.

రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యాక స్పిట్‌ఫైర్ విమానాల్లోంచి తుపాకులు తీసేయించి కెమెరాలు పెట్టించాడు. బరువు తగ్గితే వేగం పెరుగుతుంది, ఆ వేగమే విమానానికి రక్షణ అన్నది ఆయన లెక్క. అది నిజమని తేలింది కూడా. కానీ పై అధికారులతో పడలేదు. 1940లో ఆ బాధ్యతల నుంచి తప్పించారు.

ఇక మన కథకు వద్దాం. 1948. దేశానికి స్వాతంత్య్రం వచ్చినా హైదరాబాద్ సంస్థానం యూనియన్‌లో కలవలేదు. నిజాం ప్రభుత్వానికి ఆయుధాలు కావాలి. కొరత సరుకుది కాదు. ప్రపంచయుద్ధం ముగిశాక ఎక్కడ చూసినా మిగులు ఆయుధాల గుట్టలే. అసలు చిక్కు దారి. సంస్థానానికి సముద్రం లేదు, చుట్టూ ఇండియన్ యూనియనే.

పాత రైఫిల్ కొనడం ఒక్కరోజు పని. దాన్ని పనిచేసేలా ఉంచుకోవడం రోజూ ఉండే పని. కాల్చాక గొట్టం శుభ్రం చేయాలి, నూనె పట్టించాలి, లేకపోతే వానాకాలం తేమకు తుప్పు పడుతుంది. సరిగ్గా అదే సైజు తూటా కావాలి. స్ప్రింగ్ విరిగితే అదే మోడల్‌ది దొరకాలి. సెమీ ఆటోమేటిక్ అయితే ఇంకా గారాబం. చాలా మోడళ్లలో తూటా పేలినప్పుడు పుట్టే గ్యాస్ ఒత్తిడే తర్వాతి తూటాను లోపలికి ఎక్కిస్తుంది, మసి పేరుకుంటే జామ్ అయిపోతుంది. బోల్టును చేత్తో లాగే రైఫిల్ నెమ్మదే, కానీ మొండిది. ఏదైనా సరే, సరఫరా ఆగితే కొన్నాళ్లకు అది ఉత్త ఇనుప కడ్డీ. నిజాంకు ఆ సరఫరా దారి ఆకాశంలోనే మిగిలింది. దాన్ని నడిపినవాడు కాటన్.

బాంబర్ నుంచి పుట్టిన లాంకాస్ట్రియన్ విమానాల్లో కరాచీ నుంచి రాత్రిపూట ఆయుధాలు బయల్దేరేవి. బీదర్‌లో, వరంగల్‌లో దిగేవి. కరాచీ నుంచి వరంగల్‌కు సూటిగా గీత గీస్తే సుమారు 1,500 కిలోమీటర్లు. కాటన్ దృష్టిలో ఇది దిగ్బంధంలో చిక్కుకున్న రాజ్యానికి చేసిన సాయం, దాంతోపాటు వ్యాపారం.

కింద నేల మీద మాత్రం వేరే కథ నడుస్తోంది. అప్పటికి మన గోదావరిఖని గనులు ఇంకా లేవు, కానీ సింగరేణి అప్పటికే నిజాం ప్రభుత్వం చేతిలో ఉంది. పల్లెల్లో రజాకార్ల దాడులు. 1948 ఆగస్టు 27న ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని బైరాన్‌పల్లి మీద రజాకార్లు, నిజాం బలగాలు విరుచుకుపడ్డారు. ఊరివాళ్ల దగ్గర ఉన్నవి ఒక బురుజు, నాటు తుపాకులు, వడిసెలలు. పదుల సంఖ్యలో జనం చనిపోయారు. అక్కడ పేలినవి కాటన్ తెచ్చిన తుపాకులే అని నేను అనడం లేదు. కానీ ఆయన విమానాలు ఏ ప్రభుత్వం కోసం దిగాయో, ఆ ఊరిమీదికి వచ్చిన బలగాలు ఆ ప్రభుత్వానివే.

సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది. బీదర్, వరంగల్ ఎయిర్‌ఫీల్డులపై మన విమానాలు దాడి చేశాయి. 17వ తేదీకల్లా అంతా అయిపోయింది. అన్ని రాత్రులు మోసిన పెట్టెలు నిజాంను అయిదు రోజులకు మించి నిలబెట్టలేకపోయాయి. ఈ వ్యవహారంలో కాటన్‌కు బ్రిటన్‌లో పడిన శిక్ష 200 పౌండ్ల జరిమానా. 1969లో ఇంగ్లండ్‌లో చనిపోయాడు.

తెలివిలో ఆయనకు వంక పెట్టలేం. గ్రీజు మరకలో సూటును చూశాడు, వెచ్చని గాలిలో లెన్సుకు మందు చూశాడు. వేల అడుగుల ఎత్తు నుంచి శత్రువు ఓడలను లెక్కపెట్టగలిగాడు. తను దింపిన పెట్టె ఎవరి ఇంటి ముందు తెరుచుకుంటుందో మాత్రం చూడలేదు, లేదా చూడాలనుకోలేదు. రేపు మనలో కొందరం డ్రోన్లు చేస్తాం, కొందరం కోడ్ రాస్తాం. ఆఫర్ లెటర్‌లో ప్యాకేజీ ఉంటుంది గానీ ఈ ప్రశ్న ఉండదు. దాన్ని మనమే వేసుకోవాలి. ఈసారి వరంగల్ వెళ్తే, మామునూరు రన్‌వే వైపు ఓసారి చూసి రండి.