కవితకు గొంతునిచ్చిన కృష్ణశాస్త్రి

అచ్చయిన కవిత చదువు వచ్చినవారికే అందుతుంది. వినిపించిన కవిత అక్షరం రానివారికి కూడా అందుతుంది. ఈ సత్యాన్ని గ్రహించి, కవిత్వాన్ని మొదట సభలలోనూ తరువాత రేడియోలోనూ ప్రజలకు వినిపించిన మహాకవి దేవులపల్లి కృష్ణశాస్త్రి.

కృష్ణశాస్త్రి 1897 నవంబరు 1న పిఠాపురానికి దగ్గరలోని చంద్రంపాలెంలో జన్మించారు. తండ్రి తమ్మన్నశాస్త్రి, పెదతండ్రి సుబ్బరాయశాస్త్రి పిఠాపురం సంస్థానంలో పేరుపొందిన పండితకవులు. ఇంట్లో నిత్యం పద్యాలు వినబడేవి. అందువల్ల కవిత్వం ఆయనకు పుస్తకం కంటే ముందు చెవి ద్వారానే పరిచయమయింది.

1920లో ఆయన వైద్యం కోసం రైలులో బళ్ళారికి ప్రయాణించారు. నేడు కర్ణాటకలో ఉన్న ఆ పట్టణానికి వెళ్ళే దారిలో చూసిన ప్రకృతి ఆయన మనస్సును కదిలించింది. ఆ ప్రేరణతో రూపుదిద్దుకొన్న కావ్యమే ‘కృష్ణపక్షం’. అది 1925లో వెలువడింది. తెలుగులో భావకవిత్వానికి కృష్ణశాస్త్రి ప్రతినిధిగా నిలిచారు.

ఆనాడు కొత్త కవిత్వాన్ని ఆదరించేవారు కొందరైతే, ఆక్షేపించేవారు మరికొందరు. పుస్తకాలు కొని చదివేవారు తక్కువ. కృష్ణశాస్త్రి ఊరూరా తిరిగి సభలలో కవితలు వినిపించారు. తన పద్యాలతో తృప్తిపడక తోటి కవుల రచనలను కూడా అదే ప్రీతితో చదివారు. ఇతరుల కవితను తన కవితలాగా ప్రేమించి పదిమందికి చెప్పడం అందరికీ సాధ్యమయ్యే పని కాదు. భావం పలికేటట్లు చదివే ఆయన కంఠం విని ఎందరో యువకులు కవిత్వం వైపు ఆకర్షితులయ్యారు.

ఇంతలో రేడియో వచ్చింది. 1938 జూన్ 16న మద్రాసు కేంద్రం ప్రారంభమయింది. అక్కడినుండి తమిళంతోపాటు తెలుగు కార్యక్రమాలు కూడా ప్రసారమయ్యేవి. కృష్ణశాస్త్రి మేనకోడళ్ళు వింజమూరి సీత, అనసూయ పల్లెపదాలను ఆ కేంద్రంనుండి పాడి వినిపించారు. పేరు తెలియని పల్లె కవుల పాటలు ఆ విధంగా పట్టణాల ఇళ్ళలోకి వచ్చాయి. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం ప్రారంభమయింది. హైదరాబాదులోని దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో చేరింది.

ఆ దశకంలో ఆకాశవాణి పేరుపొందిన రచయితలను ప్రయోక్తలుగా ఆహ్వానించింది. గుర్రం జాషువ మద్రాసు కేంద్రంలో ప్రయోక్తగా పనిచేశారు. కృష్ణశాస్త్రి 1957లో హైదరాబాదు కేంద్రంలో చేరారు. అంతకుముందే 1951లో వచ్చిన ‘మల్లీశ్వరి’ చిత్రం ఆయన పాటలను ఇంటింటికీ చేర్చింది.

రేడియో రచన సులభమైనది కాదు. శ్రోతకు మాట్లాడేవారి ముఖం కనిపించదు. పుస్తకంలో పుట వెనక్కు తిప్పినట్లు, జారిపోయిన మాటను మళ్ళీ వినే వీలు లేదు. కనుక మాట వినగానే అర్థం కావాలి. కేటాయించిన నిమిషాలలోనే కార్యక్రమం ముగియాలి. కృష్ణశాస్త్రి ఈ నియమాలను భారంగా తలచలేదు. కఠిన సమాసాలు లేకుండా, చెవికి ఇంపైన చిన్నచిన్న తెలుగు పలుకులతో లలితగీతాలు, భక్తిగీతాలు, నాటికలు, ప్రసంగాలు రచించారు. కవి రాసిన పాటకు సంగీత విద్వాంసులు బాణీ కట్టగా, గాయకులు పాడగా, అది ఒకేసారి వేలాది ఇళ్ళలో వినిపించేది. రాష్ట్రం ఎల్లలు గాలిలో సాగే పాటకు అడ్డు కావు. పొరుగు రాష్ట్రాలలో స్థిరపడిన తెలుగువారు కూడా తమ ఇంట కూర్చుండి తమ భాషలోని కవిత్వాన్ని వినగలిగారు.

ఇట్టి సమయంలో ఆయనకు తీరని కష్టం సంభవించింది. గొంతుకు క్యాన్సర్ సోకింది. 1963లో జరిగిన శస్త్రచికిత్స ప్రాణాన్ని నిలిపింది గాని కంఠస్వరాన్ని హరించింది. ఎన్నో సభలను మైమరపించిన గొంతు మూగవోయింది. మాట్లాడడమే ప్రాణమైన మనిషికి అంతకంటే పెద్ద దెబ్బ ఏముంటుంది? అయినా ఆయన కలం ఆగలేదు. చెప్పదలచినది కాగితం మీద రాసి చూపుతూ మిత్రులతో సంభాషించేవారు. రేడియోకు, చలనచిత్రాలకు పాటలు రాస్తూనే వచ్చారు. ఒకప్పుడు ఆయన ఇతర కవులకు తన గొంతునిచ్చారు. ఇప్పుడు ఎందరో గాయకులు ఆయన కవితకు తమ గొంతునిచ్చారు. కవి పలుకలేకపోయినా ఆయన పాట మాత్రం ఆకాశవాణిలో వినిపిస్తూనే ఉంది.

ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆయనను కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది. 1976లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ పురస్కారం ఇచ్చింది. 1978లో ‘అమృతవీణ’కు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించింది. 1980 ఫిబ్రవరి 24న మద్రాసులో ఆయన కన్నుమూశారు.

భాష పుస్తకాలలో మాత్రమే జీవించదు. పలికే నోట, వినే చెవిలో అది నిలుస్తుంది. తెలుగు తక్కువగా వినిపించే చోట ఒక మంచి పద్యాన్ని స్పష్టంగా, భావయుక్తంగా చదివి పదిమందికి వినిపించడం కూడా భాషాసేవయే. కృష్ణశాస్త్రి జీవితం మనకు నేర్పే పాఠం ఇదే.