ఆండర్సన్ దొర - ఆయన తుపాకి

కదిరి నుండి గాండ్లపెంటకు వచ్చే బాటసారికి గుట్టలు తోడుగా నడుస్తవి. బండరాళ్ళ సందుల్లో చిరుతలకు, ఎలుగుబంట్లకు కొదువలేని సీమ యిది. వేరుశనగ చేలకు రాత్రిళ్ళు అడవిపందుల బెడద యెంతటిదో యిచ్చటి రైతు నడిగితే చెప్పగలడు. ఆ కారణం చేతనే గాబోలు, యీ ప్రాంతంలో తుపాకిని గురించిన ముచ్చట యేనాడూ పాతబడదు. గొట్టంలో మందు దట్టించి పేల్చే నాటు తుపాకుల కాలం నుండి పెద్దల మనస్సులో ఒక అభిప్రాయం పాతుకొని వున్నది: బుజం వాచేటట్లు తన్నినదే మంచి తుపాకి అని, తన్నని తుపాకి ఆటబొమ్మతో సమానమని. ఈ మాటలో నిజ మెంత, భ్రమ యెంత అన్నది తేల్చుకోవాలంటే, దక్షిణాది అడవులను కాలినడకన కొలిచిన ఒక వేటగాని జీవితాన్ని తరచి చూడటం మంచిది. ఆయనే కెనెత్ ఆండర్సన్.

ఆండర్సన్ మనకు పరాయివాడు కాడు. 1910 మార్చి 8వ తేదీన హైదరాబాదు సంస్థానంలోని బొలారంలో జన్మించినాడు. స్కాట్లండు నుండి వచ్చి యీ దేశంలో పలు తరాలుగా స్థిరపడిన కుటుంబం వారిది. తండ్రి సైనికుల జీతభత్యాల లెక్కలు చూచే శాఖలో ఉద్యోగి. చదువు బెంగుళూరులో, బిషప్ కాటన్ పాఠశాలలోను, సెయింట్ జోసెఫ్ కళాశాలలోను సాగింది. న్యాయశాస్త్రం నేర్చుకొమ్మని ఎడింబరోకు పంపితే, అక్కడి చలికి, గ్రంథాలకు మనసొప్పక తిరిగి వచ్చినాడు. కొంతకాలం తంతి తపాలా శాఖలోను, పిమ్మట బెంగుళూరు విమాన కర్మాగారంలోను పనిచేసినాడు. ఉద్యోగం పొట్టకూటికి; ప్రాణమంతా అడవిలోనే. సెలవు దొరికితే చాలు, పాత స్టూడిబేకర్ కారులో సామానులు వేసుకొని బయలుదేరేవాడు.

ఆ సామానులలో ముఖ్యమైనది 405 విన్‌చెస్టర్ రైఫిలు. అమెరికా దేశంలో జాన్ బ్రౌనింగ్ అనే మేధావి రూపకల్పన చేసిన 1895 నాటి నమూనాకు చెందినది. 405 తూటా మాత్రం 1904లో వచ్చింది. పిడి క్రింద నున్న లీవరును క్రిందికి త్రోసి పైకి లాగితే వట్టి తూటా బయట పడి, కొత్తది గొట్టంలోకి ఎక్కుతుంది. తుపాకి బరువు రమారమి ఎనిమిది పౌనులు, అంటే నాలుగు కిలోలకు కొంచెం తక్కువ. ఆ తేలిక తుపాకి నుండి వెలువడే గుండు బరువు 300 గ్రెయిన్లు, తులమున్నర పైచిలుకు. వేగం సెకనుకు 2200 అడుగులు. అమెరికా అధ్యక్ష పదవి నుండి దిగిపోయిన థియోడర్ రూజ్వెల్టు 1909లో ఆఫ్రికా వేటకు వెళ్ళినప్పుడు సింహాల కోసం ఈ రకపు రైఫిలునే వెంట తీసుకొనిపోయినాడు. దాని కీర్తి అంతటిది. కీర్తితో పాటు అపకీర్తి కూడా వున్నది: అది బహు దుష్టంగా తన్నుతుంది.

ఎందుకు తన్నుతుందో తెలుసుకొనుట కష్టం కాదు. గుండు ముందుకు దూకేటప్పుడు తుపాకి వెనుకకు దూకవలసినదే. ఇది ప్రకృతి నియమం. ఒడ్డు మీదికి గెంతిన మనిషి కాలితన్నుకు పుట్టి వెనుకకు పోతుంది; బరువైన పడవ అంతగా చలించదు. అట్లే అదే తూటాను బరువైన తుపాకిలో పేలిస్తే మెల్లగా నెడుతుంది. తేలిక తుపాకిలో పేలిస్తే గుద్దుతుంది. తుపాకి బరువు సగానికి తగ్గితే ఆ గుద్దులోని శక్తి రెట్టింపవుతుంది. ఏనుగుల కోసం ఇంగ్లండు వారు చేసిన జోడు గొట్టాల రైఫిళ్ళు పదకొండు పౌనులకు పైబడి తూగటానికి కారణం యిదే. 405 తన్ను, సిపాయిల చేతిలోని 303 రైఫిలు తన్నుకు రెండింతలకు మించుతుంది. పైగా విన్‌చెస్టర్ వారు మడమకు వేసినది ఇరుకైన ఇనుపరేకు. మెత్తని రబ్బరు పట్టీ కాదు. చొక్కా ఒక్కటే అడ్డంగా గల బుజానికి అది ఎట్లా తగులుతుందో వేరుగా చెప్పనక్కరలేదు.

బుజం నొప్పి నాలుగు నాళ్ళకు తగ్గుతుంది. దానివల్ల కలిగే భయం తగ్గదు. అసలు చిక్కు అక్కడ వున్నది. రెండు మూడు సార్లు దెబ్బ తిన్నవాని దేహం మూడోసారికి తనంతట తాను బిగుసుకుంటుంది. ట్రిగ్గరు మెల్లగా నొక్కవలసిన వేలు దాన్ని ఒక్క గుంజు గుంజుతుంది, కన్ను మూతపడుతుంది, గొట్టం కొన దిగుతుంది. గుండె మీద పడవలసిన గుండు కాలికి తగులుతుంది. అంగడిలో తూటా బలం చూచి మురిసిన మనిషి అడవిలో గురి చెడగొట్టుకొనే విధానమిది. నేటి మాగ్నం రైఫిళ్ళు మరింత తేలిక, మరింత వేగం. గొట్టం మూతికి బిగించే చిల్లుల తొడుగు తన్నును కొంత తగ్గిస్తుంది గాని, ఆ మోత చెవులకు చేటు.

గాయపడి తప్పించుకొన్న పులి యేమవుతుంది? ఆండర్సన్ జీవితమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగిందనవచ్చు. జింకను తరమలేని పులి పశువుల మీద పడుతుంది, పశువులు దొరకని నాడు కాపరి మీద పడుతుంది. సేలం జిల్లా సరిహద్దులోని జవళగిరి ఆడపులి కథను ఆయన తన మొదటి గ్రంథంలోనే వ్రాసినాడు. జతపులి హతమైన పిమ్మట, మరొక వేటగాని గుండు తనను గాయపరచగా, ఆ ఆడపులి నరభక్షకి అయింది. పులులు చెడటానికి ఏదుముల్లు గుచ్చుకొనుట వంటి వేరు కారణాలు లేకపోలేదు. అయినా మనిషి చేతి తుపాకియే మనిషి మీదికి పులిని ఉసికొల్పిన సందర్భాలు ఆయన రచనల్లో పదే పదే కనిపిస్తవి. తుపాకి తన్నును సరదా విషయంగా తీసుకొనరాదని నే ననటం ఇందుకే.

మరి ఆండర్సన్ అంత తన్నే తుపాకిని యేల పట్టుకొన్నాడు? ఆయన నడిచిన చోట్లను చూస్తే తెలుస్తుంది. గాండ్లపెంటకు ఆగ్నేయంగా, నాటి చిత్తూరు జిల్లాలో, భాకరాపేట దాపున చామల లోయ వున్నది. శేషాచలం కొండల నడుమ ఎర్రచందనం, వెదురు పెనవేసుకొన్న ఆ లోయలో ఒక పులి మనుషులను తినసాగితే ఆయన దాన్ని వెదుకుతూ వచ్చినాడు. కొండలకు అవతలి ప్రక్కన, రేణిగుంటకు పైన రైలు దారిలో మామండూరు. అక్కడ మరొక పులి. నల్లమలలో చెంచుల వెంట తిరిగిన దిగువమెట్ట ప్రాంతం ఇంకొకటి. ఏనుగు నెక్కి వేటాడే రాజుల వైభవం ఈ అడవుల్లో లేదు. మధ్యాహ్నపు టెండలో వట్టిపోయిన వాగుల వెంట, రాళ్ళ మీద, మైళ్ళ కొలది నడవాలి; ఆ పైన రాత్రి చెట్టు మీద మంచెలో కదలక కూర్చోవాలి. పదకొండు పౌనుల తుపాకి మోసినవాని చేయి సాయంత్రానికి వణుకుతుంది, వణికే చేతికి గురి వుండదు. కనుక తేలిక తుపాకిలో లాభం మోతలో వున్నది, నష్టం పేల్పులో వున్నది. రోజంతా మోసేవాడు, ఒకటి రెండు గుళ్ళు మాత్రమే పేల్చేవాడు ఆ బేరానికి ఒప్పుకోవచ్చు. నిత్యం కాల్చి తన్నుకు అలవాటుపడని వాడు ఒప్పుకోరాదు.

గుమ్మళాపురం చిరుత కథ చూడండి. నలభై ఇద్దరిని పొట్టన పెట్టుకొన్న మృగమది. ఊరంతా తలుపులు బిగించుకొని వుండగా ఆండర్సన్ రాత్రుళ్ళు కాపు కాచినాడు. చివరి రాత్రి ఎక్కడినుండో వచ్చి ప్రక్కన చేరిన ఒక ఊరకుక్క గుర్రుమని హెచ్చరించకపోతే ఆయన కథ కూడా అక్కడితో ముగిసేదే. అటువంటి చోట వేటగానికి దొరికేది టార్చి వెలుగులో ఒక రెప్పపాటు, అయిదారు బారల దూరం. అంత చేరువలో నూరు గజాల గురి అక్కరలేదు. మీద పడబోయే మృగాన్ని నిలువున కూల్చే బరువైన గుండు కావాలి. అది చాలకపోతే తడబడకుండా రెండవది ఎక్కించగల లీవరు కావాలి. ఆ కుక్కను ఆయన ఇంటికి తెచ్చుకొని పెంచినాడు. చదివినప్పుడల్లా నాకు తుపాకి కన్న ఆ కుక్కే ఎక్కువ గుర్తుంటుంది.

ఉత్తరాదిన జిమ్ కార్బెట్ త్రోవ వేరు. చంపావత్ నరభక్షకిని చంపినందుకు బహుమతిగా వచ్చిన 275 రిగ్బీ రైఫిలు ఆయనకు ప్రియమైనది. గుండు చిన్నది, తన్ను స్వల్పం. అది చాలని సందర్భానికి బరువైన జోడు గొట్టాల తుపాకి వేరుగా వుంచుకొన్నాడు. చిన్న గుండును సరియైన చోట నాటగలవానికి పెద్ద గుండుతో నిమిత్తం తక్కువ అనటానికి కార్బెట్ సాక్షి. ఆండర్సన్ ఒకే తుపాకిని ఏళ్ళ తరబడి పట్టి, దాని తన్నుతో కాపురం చేసినాడు. ఎవరు ఒప్పు అని తీర్పు చెప్పటం వ్యర్థం. ఇద్దరూ తమ తుపాకిని ఎరిగినవారే. ఎరగనివాని చేతిలో రెండూ చెడ్డవే.

1939 మొదలు 1966 దాకా ప్రభుత్వపు లెక్కలలో ఆండర్సన్ పేరట నమోదైనవి ఎనిమిది నరభక్షక చిరుతలు, ఏడు పులులు. ఆయన మొదటి గ్రంథం 1954లో వెలువడింది. తరువాత వరుసగా మరికొన్ని. ఆ కథలకు రంగులు కాస్త ఎక్కువ అద్దినాడని అనుమానించేవారు లేకపోలేదు. కాని అడవిదారుల పేర్లు, వాగులు, పూజారులు, కాపరులు, వాళ్ళ పేదరికం, వీటిని ఆయన చూడక వ్రాయలేదు. వయస్సు మళ్ళిన కొద్దీ తుపాకి పట్టే చేతికి కెమేరా ఇష్టమయింది. అడవులు నరికి, మృగాలను కారు దీపాల వెలుగులో కాల్చేవారిని ఆయన నిర్దాక్షిణ్యంగా తిట్టినాడు.

1972లో వన్యప్రాణి రక్షణ శాసనం వచ్చి షికారు యుగం ముగిసింది. మరి రెండేళ్ళకు, 1974 ఆగస్టు 30వ తేదీన, కాన్సరు వ్యాధితో ఆండర్సన్ బెంగుళూరులో కన్నుమూసినాడు. ఆయన చివరి పుస్తకం 1976లో అచ్చయింది. చామల లోయ 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ వనంలో చేరింది. చిరుతలు అక్కడ నేటికీ వున్నవి.