నృత్తశాస్త్రకర్త జాయపసేనాని

ఓరుగల్లు కోటను దర్శించినవారికి కాకతీయుల కీర్తితోరణాలు కనబడతవి. పాలంపేటలోని రామప్పగుడికి పోయినవారికి రాతిలో నిలిచిపోయిన నర్తకులు కనబడతారు. కాని ఆనాటి నాట్యం శిలలలోనే గాక అక్షరాలలో కూడ నిలిచియున్నది. అట్లు నిలిపినవాడు వృత్తిచేత నాట్యాచార్యుడు కాడు. గణపతిదేవ చక్రవర్తి గజసైన్యాధిపతి. ఆయనయే జాయపసేనాని.

జాయప ఓరుగల్లువాడు కాడు. కృష్ణవేణి సముద్రంలో కలిసే చోట దివిసీమను ఏలిన అయ్యవంశంలో పుట్టినవాడు. తండ్రి పిన్నచోడి. 13వ శతాబ్ది ఆరంభంలో గణపతిదేవుడు వెలనాటిని జయించి, దివిసీమను కూడ వశపరచుకొన్నాడు. అయితే ఓడినవారిని అణచివేయక, వారితో బాంధవ్యం కలుపుకొన్నాడు. జాయప సోదరీమణులు నారమ, పేరమలను పరిణయమాడినాడు. పిన్నవయస్కుడైన జాయపను వెంటబెట్టుకొని ఓరుగల్లుకు పోయినాడు. బావగారి రాజధానిలో ఆ బాలునికి రెండు విద్యలు అబ్బినవి. ఒకటి యుద్ధవిద్య, రెండవది నాట్యం. రాజాజ్ఞపై గుండామాత్యుడు ఆయనకు నాట్యశాస్త్రం ఉపదేశించినాడు.

జాయప గజసాహిణి పదవి నందినాడు. 1213లో చేబ్రోలున తండ్రి పేరిట చోడేశ్వరాలయం కట్టించి శాసనం వేయించినాడు. రామప్పగుడి శాసనం కూడ ఆ సంవత్సరానిదే. 1231లో తన సీమలో, తన్ను పెంచిన ప్రభువు పేరిట గణపేశ్వరాలయం నిర్మించినాడు. కన్నతండ్రికొక గుడి, పెంచిన ప్రభువుకొక గుడి. ఆ విధంగా రెండు ఋణాలు తీరినవి. మిగిలినది గురుఋణం.

శిల్పి చెక్కిన బొమ్మ శిల్పి పోయినను నిలుస్తుంది. నర్తకుని విద్య అట్లు కాదు. శిష్యుడు లేకపోతే అది గురువుతోనే అంతరిస్తుంది. జాయప ఆ ఋణాన్ని శాస్త్రరచనతో తీర్చినాడు. చేబ్రోలు శాసనం నాటినుండి నలువదియేండ్లు గడచిన తరువాత, 1253-54 ప్రాంతంలో, సంస్కృతంలో నృత్తరత్నావళి రచించినాడు. గ్రంథం ఎనిమిది అధ్యాయాలు. మొదటి నాలుగింటిలో భరతముని మార్గాన్ని అనుసరించి అభినయం, అంగచలనాలు, చారులు, కరణాలు వివరించినాడు. తక్కిన నాలుగు అధ్యాయాలను దేశినృత్తాలకు కేటాయించినాడు.

జాయప గొప్పదనం ఇక్కడనే తెలుస్తుంది. పల్లెలలోను, వీథులలోను జనులాడే ఆటలను ఆయన చిన్నచూపు చూడలేదు. కోలాటం, చిందు, కందుకం, చర్చరి, రాసకం మున్నగువానిని భరతుని కరణాల సరసన కూర్చుండబెట్టినాడు. ఒడలెల్ల విభూతి పూసుకొని, కాళ్లకు గజ్జెలు కట్టుకొని పురుషులాడే పేరణికి లక్షణం చెప్పినాడు. చివరి అధ్యాయంలో విద్యారంభం, అభ్యాసం, రంగప్రవేశం, వాద్యబృందం మొదలైన విషయాలు వివరించినాడు. బోధకునికి, విద్యార్థికి కూడ ఆ గ్రంథమే ఆచార్యుడు.

1323లో ఓరుగల్లు పతనమైనది. ఆస్థానంతోపాటు నాట్యానికి ఉన్న ఆదరణ కూడ పోయినది. పేరణి క్రమంగా మరుగునపడినది. కాని తంజావూరు గ్రంథాలయంలో తాళపత్రప్రతి మిగిలియున్నది. దాని ఆధారంగా వి. రాఘవన్ పండితుడు 1965లో నృత్తరత్నావళిని పరిష్కరించి ప్రకటించినాడు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ చేసిన తెలుగు అనువాదం 1969లో వెలువడినది. ఆ గ్రంథాన్ని, రామప్ప శిల్పాలను ఆధారంగా చేసికొని నటరాజ రామకృష్ణ పేరిణి శివతాండవానికి మరల ప్రాణం పోసినాడు. నేటి బాలబాలికలు ఆ నృత్యాన్ని అభ్యసిస్తున్నారు.

జాయప నడిపిన ఏనుగులు లేవు. ఆయన సేవించిన సింహాసనమూ లేదు. తాను నేర్చినదానిని పరులకు అందేటట్లు వ్రాసి ఉంచినందువలన, ఏడువందల ఏండ్లు దాటినను ఆయనకు శిష్యులు కలుగుచున్నారు. విద్య నేర్చినవాడు తీర్చవలసిన ఋణమేదో ఆ సేనాని జీవితం తెలుపుచున్నది.