స్వర్ణశాఖ కర్త జేమ్సు ఫ్రేజరు

అక్టోబరు నెల చివరి రాత్రిని ఆంగ్లభాషా దేశాలవారు హాలోవీన్ అంటారు. పునీతుడు అనే అర్థం గల ప్రాచీనాంగ్ల పదమూ, సాయంకాలమనే మాటా కలిసి ఆ పేరు ఏర్పడింది. మరునాడు, నవంబరు 1వ తేదీన, సకల పునీతుల పండుగ. ఆ మరునాడు మృతుల స్మరణదినం. తెలుగునాట కాథలిక్కు కుటుంబాలవారు సమాధులను శుభ్రంచేసి, పూలుంచి, కొవ్వొత్తులు వెలిగించే సమాధుల పండుగ ఈ రెండవ తేదీదే. క్రైస్తవ పంచాంగంలో ఇంత స్పష్టమైన స్థానం ఉన్నా, ఆ తొలిరాత్రి మాత్రం వివాదగ్రస్తమైంది. పిల్లలు దయ్యాల వేషాలు వేసుకొని ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడిగే ఆ రాత్రి అన్యజనుల ప్రేతపూజకు అవశేషమనీ, విశ్వాసులకు తగదనీ అమెరికాలో కొందరు బోధకులు చెబుతారు. అది మా పూర్వుల పవిత్రదినం, క్రైస్తవసంఘం దానిని అపహరించిందని ఆధునిక ప్రకృతిపూజకులు కొందరు వాదిస్తారు. ఈ రెండు పక్షాలకూ పొత్తు కుదరదు. అయినా ఉభయుల వాదానికీ బలం చేకూర్చిన గ్రంథాలలో ప్రధానమైనది ఒక్కటే. అది 'స్వర్ణశాఖ'. దాని కర్త సర్ జేమ్సు జార్జి ఫ్రేజరు.

ఫ్రేజరు 1854 జనవరి 1వ తేదీన స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో జన్మించినాడు. తండ్రి డేనియల్ ఫ్రేజరు ఆ నగరంలో పేరుగన్న ఔషధవ్యాపారి. ఇంటివారు స్కాట్లండు ఫ్రీచర్చి శాఖకు చెందిన ప్రెస్బిటీరియనులు. నిత్యం కుటుంబప్రార్థన జరిగేది. ఆదివార నియమం కఠినంగా ఉండేది. కాని ఆ కాఠిన్యం బాలునికి భారమనిపించలేదు. బైబిలు వాక్యాల నడకా, ఆదివారపు గుడిగంటల నాదమూ ఆయన మనస్సులో జీవితాంతం నిలిచిపోయినవి.

ఆ శాఖవారి పూర్వచరిత్ర కొంత ఇక్కడ చెప్పుకోవాలి. 1560లో స్కాట్లండులో మతసంస్కరణ జరిగినప్పుడు, బైబిలులో ఆధారం లేదన్న కారణంతో పునీతుల పండుగలన్నిటినీ సంస్కర్తలు త్రోసిపుచ్చినారు. ఉత్తరించు స్థలంలో ఉన్న ఆత్మల కొరకు చేసే ప్రార్థనలూ వానితోపాటే పోయినవి. ఇంగ్లండులో కూడ ఆ శతాబ్దంలోనే, మృతుల కొరకు రాత్రివేళ గంటలు మ్రోగించే ఆచారాన్ని నిషేధించినారు. అయితే నాటి ప్రొటెస్టంటు సంస్కర్తలు ఈ పండుగపై మోపిన ప్రధానాభియోగం అది రోముకు చెందినదని. క్రీస్తుకు పూర్వపుదన్న అభియోగం ముందుకు రావడానికి 19వ శతాబ్దపు పండితులు కావలసి వచ్చింది.

పండుగ పంచాంగంలోనుండి తొలగినా పల్లెలలోనుండి తొలగలేదు. కళ్లు మూసుకొని తోటలో కూరమొక్కలు పీకి, వాని కాడల తీరునుబట్టి కాబోయే భర్త ఎటువంటివాడో, భార్య ఎటువంటిదో ఊహించే ఆటలు ఆ రాత్రి సాగుతూనే ఉండేవి. స్కాట్లండు మహాకవి రాబర్టు బర్న్సు 1785లో రచించిన 'హాలోవీన్' కావ్యానికి అవే వస్తువు. నిష్ఠగల మతమూ, దానికి లొంగని జానపదాచారమూ పక్కపక్కన బ్రతికిన అటువంటి దేశంలో ఫ్రేజరు పెరిగినాడు.

ఆయన 1869లో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చేరినాడు. 1874లో కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలకు వెళ్లినాడు. గ్రీకు, లాటిను సాహిత్యాలలో ప్రథమశ్రేణి విద్యార్థి అనిపించుకొని, ప్లేటో తత్త్వంపై వ్రాసిన వ్యాసంతో 1879లో ఆ కళాశాల ఫెలో అయినాడు. న్యాయశాస్త్రం కూడ చదివి 1882లో పట్టా పుచ్చుకొన్నాడు గాని, ఆ వృత్తి చేపట్టలేదు. ఈ చదువుల నడుమ చిన్ననాటి విశ్వాసం ఆయనను విడిచిపోయింది. అందువలన కుటుంబంతో కలహమేమీ రాలేదు. ఆయన స్వభావంలోనే కలహం లేదు.

ఆయన జీవితగతిని మార్చినవాడు విలియం రాబర్ట్సన్ స్మిత్. ఆయనా స్కాట్లండువాడే, ఫ్రీచర్చి వాడే. అబర్డీనులోని ఆ సంఘపు కళాశాలలో హీబ్రూ ఆచార్యుడుగా ఉంటూ, బ్రిటానికా విజ్ఞానసర్వస్వం తొమ్మిదవ ముద్రణకు బైబిలును గూర్చి వ్యాసం వ్రాసినాడు. పవిత్రగ్రంథంలోని భాగాలు ఏ కాలంలో, ఎవరి చేత కూర్చబడినవో చరిత్రకారుని దృష్టితో విచారించినాడు. సంఘపెద్దలు దానిని మతద్రోహంగా భావించి ఏండ్ల తరబడి విచారణ జరిపి 1881లో ఆయనను ఉద్యోగంనుండి తొలగించినారు. 1883లో స్మిత్ కేంబ్రిడ్జికి వచ్చి అరబ్బీ ఆచార్యకం చేపట్టినాడు. అక్కడ ఫ్రేజరుకు మిత్రుడైనాడు. విజ్ఞానసర్వస్వానికి సంపాదకుడు కూడ ఆయనే కనుక, నిషిద్ధాచారాలను గూర్చీ, ఆదిమతెగల కులచిహ్నాలను గూర్చీ వ్యాసాలు వ్రాసే పని ఫ్రేజరుకు అప్పగించినాడు. గ్రీకు పండితుడు మానవశాస్త్రజ్ఞుడుగా మారడానికి ఆ రెండు వ్యాసాలే దారితీసినవి.

ఇక్కడ ఒక విశేషం గమనించాలి. మతానికి చరిత్ర ఉన్నదని నమ్మడంలో మిత్రులిద్దరిదీ ఏకాభిప్రాయమే. కాని ఆ చరిత్ర తెలిసిన పిదప కూడ స్మిత్ క్రైస్తవుడుగానే జీవించి, క్రైస్తవుడుగానే 1894లో నలభైయేడేండ్ల వయస్సులో కన్నుమూసినాడు. ఫ్రేజరుకు అదే చరిత్ర విశ్వాసం వ్యర్థమనడానికి ప్రమాణమైంది. విద్య ఒక్కటే, ఫలితాలు రెండు.

'స్వర్ణశాఖ' 1890లో రెండు సంపుటాలుగా వెలువడింది. ఫ్రేజరు దానిని స్మిత్‌కు అంకితమిచ్చినాడు. రోముకు సమీపంలో నేమి సరస్సు ఒడ్డున డయానా దేవతకు ఒక వనం ఉండేది. పారిపోయి వచ్చిన బానిస అక్కడి పూజారిని చంపి తాను పూజారి కావచ్చును. తనను మరొకడు చంపేవరకు ఆ పదవి అతనిది. ఈ వింత ఆచారం ఎందుకు పుట్టిందన్న ఒక్క ప్రశ్నతో మొదలై, ఆ గ్రంథం ప్రపంచంలోని పంటల పండుగలను, అగ్నిపూజలను, మృతదేవతల కథలను అన్నిటినీ చుట్టివచ్చింది. 1900లో మూడు సంపుటాలైంది. 1906 మొదలు 1915 వరకు వెలువడిన మూడవ ముద్రణకు పన్నెండు సంపుటాలు పట్టినవి. రోజుకు పన్నెండు గంటలకు పైగా గ్రంథాల నడుమనే గడిపిన ఆ పండితుడు తాను వర్ణించిన తెగలలో ఒక్కదానినీ దర్శించలేదు. దూరదేశాలలోని మిషనరీలకు, అధికారులకు ప్రశ్నావళులు పంపి సమాచారం తెప్పించుకొనేవాడు. మతం కాలం తీరిందనుకొన్న ఆయనకు సామగ్రి అందించినవారిలో మతప్రచారకులే అనేకులు ఉండడం విచిత్రం.

1896లో ఆయన లిల్లీ గ్రోవ్ అనే ఫ్రెంచి వితంతువును వివాహమాడినాడు. నాట్యచరిత్రపై గ్రంథం వ్రాసిన విదుషి ఆమె. భర్త రచనల ప్రచారానికీ, ఆయన ఏకాంతరక్షణకూ తన జీవితాన్ని వెచ్చించింది.

మూడవ ముద్రణలో 1913 నాటి 'సుందర బాల్డరు' భాగంలో హాలోవీన్ మంటలను గూర్చి ఫ్రేజరు విపులంగా వ్రాసినాడు. 18వ శతాబ్దాంతంలో స్కాట్లండు పారిషుల మతగురువులు పంపిన నివేదికలనుండి ఆయన ఒక వృత్తాంతం గ్రహించినాడు. పెర్తుషైరులోని కాలెండరు ప్రాంతంలో ఆ రాత్రి ఊరూరా మంట వేసేవారు. మంట ఆరిన తరువాత బూడిదను వలయంగా పేర్చి, ఒక్కొక్క మనిషి పేర ఒక్కొక్క రాయి అంచున ఉంచేవారు. తెల్లవారి చూచేసరికి ఏ రాయి కదిలితే, ఆ మనిషి సంవత్సరం తిరిగేలోగా మరణిస్తాడని నమ్మకం. ఉత్తర వేల్సులో గుర్తుపెట్టిన తెల్లరాళ్లను మంటలోనే వేసేవారు. మరునాడు రాయి కనబడనివానికి ఆయువు చెల్లినట్లే.

ఈ సామగ్రిపై ఫ్రేజరు చేసిన ఊహ సామాన్యమైనది కాదు. నవంబరు మొదటిదినం సేద్యగానికి ముఖ్యం కాదు, పంట అప్పటికే ఇల్లు చేరి ఉంటుంది. పశువుల కాపరికి ముఖ్యం. మే మొదటిదినాన మేతకు తోలిన మందలను మళ్లీ కొట్టాలకు మళ్లించేది అప్పుడే. కనుక మందలు మేపుకొన్న ప్రాచీన కెల్టు జాతులు సంవత్సరాన్ని ఆ రెండు దినాల వద్ద విభజించినారని ఆయన భావించినాడు. ఐరిషువారు సావిన్ అనే ఆ శీతకాలారంభమే కెల్టుల సంవత్సరాది అన్న జాన్ రీస్ పండితుని అభిప్రాయాన్ని స్వీకరించినాడు. రీస్ ఆధారాలలో ముఖ్యమైనది మాన్ ద్వీపంలో ఆ రాత్రి వేషగాండ్రు ఇంటింటా పాడిన సంవత్సరాది పాట.

ఓసిరిస్ దేవుని గూర్చిన సంపుటంలో ఫ్రేజరు మరొక అడుగు వేసినాడు. ఆ రాత్రి చనిపోయినవారు చలికాచుకోవడానికి తమ ఇండ్లకు తిరిగివస్తారని కెల్టులు నమ్మేవారనీ, ఆ ఆచారాన్ని మాన్పలేక క్రైస్తవసంఘం దానిపై తన ముద్ర వేసిందనీ ఆయన సిద్ధాంతం. 835లో లూయీ చక్రవర్తి, పోపు నాల్గవ గ్రెగొరీ ప్రోత్సాహంతో, పునీతుల పండుగను నవంబరు 1న జరపవలసిందని శాసించినాడు. క్రీ.శ. 1000 ప్రాంతంలో క్లూనీ మఠాధిపతి ఓడిలో మృతుల స్మరణను ఆ మరునాటికి నిర్ణయించినాడు. ఫ్రేజరు ఈ రెండింటినీ పాతపండుగకు వేసిన కొత్తతొడుగులుగా చూచినాడు. ఊహకు ఆధారం లేకపోలేదు. 601లోనే పోపు మొదటి గ్రెగొరీ ఇంగ్లండులోని తన ప్రచారకులకు, పాతగుడులను కూల్చక విగ్రహాలను మాత్రం తొలగించి ఆరాధనకు వాడుకొమ్మని లేఖ వ్రాసినాడు.

కాని ఊహ వేరు, నిర్ణయం వేరు. 800 ప్రాంతంలో ఐర్లండులో రచితమైన పునీతుల పట్టికలు ఐరోపా పునీతులందరి పండుగను ఏప్రిల్ 20వ తేదీన చూపుతున్నవి. సావిన్ జరుపుకొనే దేశంలో ఆ పండుగ వసంతంలో ఉండగా, నవంబరు తేదీ ఇంగ్లండు, జర్మను ప్రాంతాల చర్చిలలో మొదట కనబడుతున్నది. సావిన్ నాడు రాజసభలు కూడేవనీ, మాయాలోకపు గుట్టలు తెరుచుకొనేవనీ మధ్యయుగపు ఐరిషు కథలు చెబుతాయి. అది సంవత్సరాది అని గాని, పితరులను పూజించే దినమని గాని అవి స్పష్టంగా చెప్పవు. పైగా ఆ కథలను వ్రాసిపెట్టినవారు క్రైస్తవులే. బ్రిటను చరిత్రకారుడు రోనాల్డు హట్టన్ 1996లో ప్రకటించిన గ్రంథంలో ఈ ఆధారాలన్నిటినీ తిరిగి తూచి, శీతకాలారంభపు పండుగ ఒకటి ఉన్నమాట నిజమే గాని, అది మృతుల పండుగ అనడానికి ప్రాచీనసాక్ష్యం లేదని చూపినాడు. ఆ రాత్రికి మృతులతో సంబంధం క్రైస్తవుల స్మరణదినం వలననే కలిగి ఉండవచ్చును.

ఫ్రేజరు తన సిద్ధాంతాలను వేదవాక్కులుగా ఎంచలేదు. అవి సామగ్రిని పేర్చుకోవడానికి ఆధారాలేననీ, రేపు మారవచ్చుననీ తన పీఠికలలో చెప్పుకొన్నాడు. 1900 నాటి ముద్రణలో క్రీస్తు శిలువమరణాన్ని ప్రాచీన బలి ఉత్సవాలతో ముడిపెట్టినాడు. ఆండ్రూ లాంగ్ మరుసటి ఏటనే దానిని తీవ్రంగా ఖండించినాడు. మూడవ ముద్రణలో ఫ్రేజరు ఆ భాగాన్ని అనుబంధానికి జరిపినాడు. 1922 నాటి సంగ్రహంలో పూర్తిగా విడిచినాడు. అయితే లోకం చేతికి ఎక్కువగా చిక్కింది ఆ ఒక్క సంపుటపు సంగ్రహమే. దానిలో హాలోవీన్ మంటల అధ్యాయం మిగిలింది గాని, పన్నెండు సంపుటాలలోని సందేహాలూ, అధోజ్ఞాపికలూ చాలవరకు మిగలలేదు. బ్రిటనులో 20వ శతాబ్దపు నడిమికాలంలో తలెత్తిన విక్కా మతస్థులు సావిన్‌ను తమ పండుగగా ప్రతిష్ఠించుకొన్నారు. ఆ శతాబ్దపు చివరి దశాబ్దాలలో అమెరికా బోధకులు అదే కథను అభియోగపత్రంగా చదివినారు. ఒకరికి అది వంశచరిత్ర, ఇంకొకరికి నేరచరిత్ర. పూర్వపక్షంగా ఉండవలసిన ఊహ ఇరువురికీ సిద్ధాంతమైంది.

1914లో ఆయనకు సర్ బిరుదం, 1925లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ లభించినవి. 1931లో చూపు పోయింది. ఇతరులు చదివి వినిపించగా వింటూ, చెప్పి వ్రాయిస్తూ పని సాగించినాడు. 1941 మే 7వ తేదీన కేంబ్రిడ్జిలో మరణించినాడు. కొన్ని గంటలకే లేడీ ఫ్రేజరు కూడ కన్నుమూసింది. ఇద్దరినీ ఆ ఊరి శ్మశానవాటికలో పక్కపక్కనే ఉంచినారు.

ఒక ఆచారం ఎక్కడ పుట్టిందో తెలిసినంతమాత్రాన, దానిని నేడు పాటించేవాని మనస్సులో ఏమున్నదో తెలియదు. సమాధి వద్ద దీపం పెట్టే తల్లికి కెల్టుల పేరే తెలియకపోవచ్చును. ఆమె భక్తిని కొలవడానికి రెండువేల ఏండ్లనాటి పశువులమందలు ప్రమాణం కానేరవు. స్మిత్ జీవితం ఈ సత్యాన్ని చూపుతున్నది. ఫ్రేజరు రచనలోనూ దాని జాడ లేకపోలేదు. విశ్వాసం పోయిన తరువాత కూడ 1895లో బైబిలులోని రమ్యభాగాలను ఏర్చి సంకలనంగా ప్రకటించినవాడాయన. అన్యదేవతలను గూర్చిన తన మహాగ్రంథాన్ని కూడ క్రైస్తవ దేవాలయపు సాయంకాల ఘంటానాదంతోనే ముగించినాడు. మొదటి ముద్రణలో ఆ గంటలు రోమువి. రోము గంటలు నేమివరకు వినరావు కనుక తరువాత వానిని సమీపంలోని అరిసియా గంటలుగా దిద్దినాడు. అంతటి చిన్న పొరపాటును కూడ దిద్దుకొన్న ఆ చేయి, నవంబరు మొదటిదినాన్ని గూర్చిన నేటి సాక్ష్యాలను చూచి ఉంటే, ఆ అధ్యాయాన్నీ దిద్ది ఉండేదని ఆశించవచ్చును.